తండ్రి కేసు చూడుడు

శరణార్థి హోదా ఇవ్వడం కుదరదని ఉత్తర్వు వచ్చిన నాడు ప్రెసిడెంటు అన్నం ముట్టలేదు. దేశం విడిచి పొమ్మన్నందుకు కాదు ఆయన బాధ. ఆ కాగితాల్లో ఒక వాక్యం ఉంది: ‘దరఖాస్తుదారు తాను చెప్పుకున్నంత ముఖ్యమైన వ్యక్తి అని నమ్మడానికి ఆధారమేదీ కనబడలేదు.’ దాన్ని వేలితో పొడిచి పొడిచి చూపిస్తూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాడు. గది చిన్నది కాబట్టి తిరిగిన ప్రతిసారీ భార్య కుట్టుమిషనుకు మోకాలు కొట్టుకున్నాడు.

“చూశావా? నేను ముఖ్యమైనవాణ్ణి కాదట!”

“మనల్ని వెళ్ళిపొమ్మన్నారా లేదా, అది చెప్పండి,” అంది ఆవిడ, సూది మీది నుంచి కళ్ళెత్తకుండా.

“అది తర్వాతి పేజీలో ఉందిలే.”

ఆయన్ని ప్రెసిడెంటు అని పిలవమన్నది ఆయనే. సొంత దేశంలో ఉన్నప్పుడు బస్టాండు పక్కన తాళాలు, టార్చిలైట్లు, బ్యాటరీలు అమ్మే కొట్టు ఉండేది. బస్టాండు దుకాణదారుల సంఘం అని ఒకటి పెట్టి, దానికి అధ్యక్షుడినని కొట్టు మీద బోర్డు రాయించుకున్నాడు. సంఘంలో సభ్యులెవరంటే, వాన పడ్డప్పుడు ఆయన రేకుల కింద నిలబడ్డవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఆ కొట్టు అద్దె కట్టింది మాత్రం భార్య కుట్టిన జాకెట్లు.

తర్వాత ఆ ఊరిని తుపాకులవాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళ నాయకుడు తనను తాను మేజరునని చెప్పుకునేవాడు. ఏ సైన్యంలో మేజరని అడిగే ధైర్యం ఎవరికీ లేదు గనక మేజరే అయ్యాడు. ఆ మేజరుకు ఎదురు నిలిచి సభల్లో గర్జించాననీ, అందుకే నా తల తెమ్మని మనుషుల్ని పంపాడనీ ప్రెసిడెంటు ఇక్కడి ఆఫీసులో చెప్పుకున్నాడు. ఏ సభ, ఎక్కడ, ఎవరు విన్నారు అని అడిగాడు ఆఫీసరు. “ఒకటా రెండా!” అన్నాడు ప్రెసిడెంటు. ఒకటి చెప్పండి చాలు అన్నాడు ఆఫీసరు. ఆ ఒకటి దొరకలేదు.

ఆయనతోపాటు భార్య, పదమూడేళ్ళ కూతురు కూడా దరఖాస్తులో ఉన్నారు. మీరు ఎందుకు భయపడుతున్నారు అన్న ప్రశ్న ఎదురుగా భార్య కాగితంలో ‘భర్త కేసు చూడుడు’ అనీ, కూతురి కాగితంలో ‘తండ్రి కేసు చూడుడు’ అనీ ఉంది. ఆ మాట రాసింది వాళ్ళ కేసు చూసే లాయరమ్మ దగ్గరి గుమాస్తా. సంతకం పెట్టింది లాయరమ్మ. చదివింది ఎవరూ లేరు. ఇంటర్వ్యూ రోజున ఆఫీసరు ఆ పిల్ల చేతిలో రంగుల పుస్తకం ఒకటి పెట్టి, నాన్నగారు మాట్లాడాలి కదా, నువ్వు బయట బొమ్మలకు రంగులేసుకో అని నడవాలోకి పంపించేశాడు. పదమూడేళ్ళ పిల్ల. ఏనుగుకు రంగు వెయ్యాలట.

ఉత్తర్వు పట్టుకుని ముగ్గురూ లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఉచిత న్యాయ సహాయం ఆఫీసు పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉంది. కిందినుంచి పళ్ళు రాసే మిషను రొద వస్తుంటే పైన మనుషులు తమ బాధలు చెప్పుకోవాలి. లాయరమ్మ అలసిపోయిన మనిషి. బల్ల మీద ఫైళ్ళు, ఫైళ్ళ మీద టీ కప్పు, కప్పులో చల్లారిన టీ.

“అప్పీలు వేద్దాం మేడమ్,” అన్నాడు ప్రెసిడెంటు కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలి. “ముందు ఆ వాక్యం తీసేయమని అడగండి. పరువు నష్టం కిందికి వస్తుందది. నా తల కోసం అర్ధరాత్రి ఇల్లు చుట్టుముట్టినవాళ్ళకి తెలుసు నేను ముఖ్యమో కాదో.”

“అర్ధరాత్రి కాదు,” అంది మూలన కూర్చున్న కూతురు. “పొద్దున్నే వచ్చారు. నీ కోసం కాదు.”

ఆ పిల్లను ఇంట్లో గువ్వ అంటారు. చిన్నగా ఉంటుందని పెట్టిన పేరు. గొంతు మాత్రం చిన్నది కాదు.

“పెద్దవాళ్ళ మధ్య నీకెందుకే? నోర్మూసుకో.”

లాయరమ్మ కలం కింద పెట్టింది. తల్లి వైపు చూసింది. తల్లి తలవంచుకుని సంచి జిప్పును తెరుస్తూ మూస్తూ ఉంది. లాయరమ్మకు ఏదో తట్టింది. ఫైలు తిరగేసి, మొదటిసారిగా, తాను సంతకం పెట్టిన ఆ మూడు మాటలూ చదివింది. ముఖం కందగడ్డలా అయింది.

“ప్రెసిడెంటుగారూ, మీ ఫోటో ఒకటి కావాలి,” అంది. “ఫైల్లో ఉన్నది బాగాలేదు. ఏదో గుమాస్తాలా ఉన్నారు. అధ్యక్షుడిలా ఉన్నది కొత్తది దిగి రండి. మూడు వీధుల అవతల స్టూడియో ఉంది.”

“అదే నేనూ అనుకుంటున్నాను మేడమ్!” అని లేచి, జేబులోంచి దువ్వెన తీసుకుంటూ మెట్లు దిగిపోయాడు. కీర్తి కోసం ఆ మనిషి మూడు వీధులేం ఖర్మ, మూడు ఊళ్ళు నడుస్తాడు.

ఆయన అడుగుల చప్పుడు పోయాక లాయరమ్మ కుర్చీ లాక్కుని గువ్వకు ఎదురుగా కూర్చుంది. “ఎవరి కోసం వచ్చారమ్మా?”

“నా కోసం.”

గువ్వ ఏడవలేదు. ఏ మాటా మింగలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని చూసి చూసి, ఇక అడగరని తేల్చుకున్న మనిషిలా చెప్పింది. మేజరు ఒకరోజు తాళాల కొట్టుకు వచ్చాడు. నాన్న టీ తెప్పించాడు. మీ అమ్మాయి ఎదిగింది అన్నాడు మేజరు. అప్పుడు గువ్వకు పన్నెండు. నాన్న నవ్వి, “మీరు అడిగితే కాదనేవాళ్ళెవరండీ” అన్నాడు. మర్నాడు కొట్టు ముందు జనరేటరు దిగింది. ఊరంతా చీకట్లో ఉంటే ఆ ఒక్క కొట్లోనే లైటు వెలిగేది. ఆ లైటు కింద నిలబడే నాన్న దేశ భవిష్యత్తు గురించి మాట్లాడేవాడు.

“అంతకుముందు మా వీధి బేకరీవాళ్ళ అక్కని అలాగే తీసుకెళ్ళారు,” అంది గువ్వ. “ఏడాది తిరక్కుండా పురిట్లో పోయింది. పద్నాలుగేళ్ళు దానికి. వాళ్ళమ్మని చూడ్డానికి కూడా రానివ్వలేదు.”

మిగతాది తల్లి చెప్పింది. పెళ్ళిబట్టలు కుట్టమని మేజరు మనుషులు ఎర్ర సిల్కు తాను తెచ్చి ఆమె మిషను మీదే పడేశారు. ఊళ్ళో బాగా కుట్టేది ఆమే మరి. కూతుర్ని నిలబెట్టి టేపుతో కొలత తీసుకుంటుంటే, “అమ్మా, నేను వెళ్ళను. నువ్వు కుట్టినా వెళ్ళను, కుట్టకపోయినా వెళ్ళను,” అంది పిల్ల. ఆమె ఆ సిల్కు తానును బజార్లో అమ్మేసింది. ఆ వచ్చినదానితో తెల్లవారుజామున మొదటి బస్సుకు రెండు టిక్కెట్లు కొన్నది.

“రెండేనా?” అంది లాయరమ్మ.

“రెండే. ఆ పొద్దున మా బస్సు కదిలే వేళకే, పిల్ల లేదని తెలిసి వాళ్ళు ఇంటికొచ్చారు. ఈయన వెనక గుమ్మంలోంచి దూకి, చెప్పుల్లేకుండా బస్సు వెంట పరిగెత్తుకొచ్చారు. పిల్లనిస్తానని ఇవ్వకపోతే మరి ఈయన మెడే కదా పోయేది. కండక్టరు మీ మనిషేనా అని అడిగాడు.” ఆమె సంచి జిప్పు మూసేసింది. “అవునన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదమ్మా.”

ప్రెసిడెంటు కొత్త ఫోటోలతో తిరిగి వచ్చేసరికి లాయరమ్మ కొత్త ఫైలు తెరిచి ఉంది. దాని మీద ఆయన పేరు లేదు.

ఆమె ఆయన్ని కూర్చోబెట్టి విషయం చెప్పింది. పిల్లల భయాలు వేరే ఉంటాయి, వాటిని పెద్దవాళ్ళ కేసుకు తోకలా కట్టేస్తే ఎవరూ వినరు. చట్టం ప్రకారం ఈ పిల్ల తన పేరు మీద, తన కారణం మీద, సొంతంగా శరణు కోరవచ్చు. పన్నెండేళ్ళ పిల్లకు బలవంతపు పెళ్ళి అంటే అది ఇంటి గొడవ కాదు, హింస. ఆమెను విడిగా విచారించాలి. తండ్రి ఆ గదిలో ఉండకూడదు. ఆ పెళ్ళికి తండ్రే ఒప్పుకున్నాడు గనక ఈ కేసులో ఆమె తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి కోర్టు వేరే సంరక్షకుల్ని పెట్టాలి.

“నేను బతికుండగా నా కూతురికి వేరే సంరక్షకులా?” ప్రెసిడెంటు బల్ల మీద చరిచాడు. చల్లటి టీ ఒలికింది. “నేనేం చచ్చానా?”

“చావలేదు. అదే ఇబ్బంది,” అంది లాయరమ్మ ఫైలు తుడుచుకుంటూ. “ఇంకో సంగతి. మీ కథా, పిల్ల కథా ఒకదాన్నొకటి తింటున్నాయి. ఇద్దరి తరఫునా నేను నిలబడలేను.”

“అయితే నా తరఫున నిలబడండి. ఇంటి పెద్దను నేను.”

“పిల్ల తరఫున నిలబడతాను.”

ఆ సాయంత్రం ఇంట్లో ప్రెసిడెంటు ఉపన్యాసం ఇచ్చాడు. వంశం, మర్యాద, ఆడపిల్ల పేరు కోర్టుకెక్కితే నలుగురూ ఏమనుకుంటారు, ఇవన్నీ వచ్చాయి. ఆ నలుగురు ఎవరో ఆయనకే తెలియాలి. ఆ అపార్ట్‌మెంట్లో వాళ్ళకు పక్కవాటా వాళ్ళు కూడా తెలియరు. “దాని కథ చెప్పుకుని బతికేకన్నా, నా కథతో ఓడిపోయి వెనక్కి వెళ్ళడమే గౌరవం,” అని ముగించాడు.

“వెనక్కి వెళితే మీకు గౌరవం. దానికేంటి?” అంది భార్య.

“ఏదో ఒకటి మాట్లాడి సర్దుబాటు చేస్తాను. మేజరుతో నాకు చనువుంది కదా.”

ఆవిడ మిషను ఆపేసింది. “ఆ రోజు బస్సు ఎక్కేటప్పుడు మిమ్మల్ని అడిగానా? ఇప్పుడూ అడగడం లేదు.” అంతే అంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి లాయరమ్మ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది.

సంరక్షకురాలి విషయం తేల్చడానికి కోర్టు ఒక రోజు ఇచ్చింది. కోర్టంటే ఎత్తైన కప్పులూ చెక్కుడు బల్లలూ ఏం లేవు. ఫ్యాను కిర్రుమనే గది, ప్లాస్టిక్ కుర్చీలు, ముక్కు చీదుకుంటున్న జడ్జి. ప్రెసిడెంటు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. తండ్రి అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి గొడుగు, తండ్రి గోడ, తండ్రి చెట్టుకు వేరు. జడ్జి రెండుసార్లు ముక్కు చీదాడు. వేరు దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

“ఆ జనరేటరు మీకు ఎవరిచ్చారు?”

“అది… సంఘానికి వచ్చిన విరాళమండీ.”

“ఎవరిచ్చారు?”

“ఒక శ్రేయోభిలాషి.”

“ఆ శ్రేయోభిలాషికీ, మీ తల కోరిన మేజరుకీ ఏమైనా చుట్టరికం ఉందా?”

ప్రెసిడెంటు జేబులోంచి దువ్వెన తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. వెనక కుర్చీలో ఉన్న లాయరమ్మ గుమాస్తా దగ్గినట్టు నటించి నవ్వాడు. జడ్జి సంతకం పెట్టేశాడు.

సంరక్షకురాలిగా వచ్చింది ఒక రిటైరైన నర్సు. పెద్ద ఒళ్ళు, బిగించి కట్టిన ముడి, జాలి కబుర్లంటే గిట్టని మనిషి. గువ్వను చూడగానే అయ్యో తల్లీ అనలేదు. “పొద్దున ఏమైనా తిన్నావా? లేకపోతే తిని రా. ఖాళీ కడుపుతో అబద్ధమైనా చెప్పలేం, నిజమైనా చెప్పలేం,” అంది. గువ్వకు ఆమె వెంటనే నచ్చింది.

ఈసారి ఇంటర్వ్యూ పిల్లల గదిలో. గోడల మీద మబ్బులు, ఇంద్రధనుస్సులు. కొత్త ఆఫీసరు కుర్రవాడు, పిల్లలతో ఎలా మాట్లాడాలో వారం రోజులు శిక్షణ తీసుకున్నాడు. ఆ వారంలో నేర్పిందంతా ఒకేసారి చూపించాలని వాడి తాపత్రయం. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, గువ్వ చేతిలో కుందేలు బొమ్మ పెట్టి, గొంతు సన్నగా చేసి, “కుందేలుబాబుకి కూడా భయమేస్తే చెప్పొచ్చు, సరేనా?” అన్నాడు.

గువ్వ కుందేలును పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. “మీరు పైన కూర్చోండి సార్. కింద కూర్చుంటే ప్యాంటు మాసిపోతుంది.”

ఆఫీసరు లేచి కుర్చీలో కూర్చున్నాడు. దాంతో గొంతు కూడా మామూలైంది. ప్రశ్నలు మొదలయ్యాయి. మేజరు ఏ తేదీన కొట్టుకు వచ్చాడు? గువ్వకు తెలియదు. వారమైనా గుర్తులేదా? లేదు. ఎండాకాలమా, వానాకాలమా? అదీ గుర్తులేదు. ఆఫీసరు కాగితం మీద ఏదో గీత గీశాడు. నర్సమ్మ ముందుకు వంగింది.

“ఏమండీ, మీకు పన్నెండేళ్ళప్పుడు మీ ఇంటికి ఎవరు ఏ తేదీన వచ్చారో చెప్పండి వింటాను.”

“అది కాదండీ, నమ్మకం కుదరాలి కదా…”

“పెద్దవాళ్ళలా తేదీలు చెప్పలేనంత మాత్రాన పిల్లల మాట అబద్ధం అనుకోకూడదని మీ రూల్సులోనే ఉంది,” అంది లాయరమ్మ. “సందేహం ఉంటే దాని లాభం పిల్లకే ఇవ్వాలి. ఆ పేజీ కూడా తెచ్చాను.”

ఆఫీసరు గీత కొట్టేసి, ఇంకో దారిన వచ్చాడు. “పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళలేదమ్మా?”

“పోలీసులు ఆ జనరేటరు దగ్గరే ఫోన్లు ఛార్జింగు పెట్టుకునేవాళ్ళు సార్.”

“ఊఁ. మరి… మీ వైపు చిన్నప్పుడే పెళ్ళిళ్ళు చెయ్యడం మామూలే అంటారు. మామూలు విషయమే కదా?”

గువ్వ ఆయన ముఖంలోకి చూసింది. “అవును సార్, మామూలే. అందుకే పారిపోయాం. ఎప్పుడో ఒకసారి జరిగేదైతే ఎక్కడో దాక్కునేవాళ్ళం.”

ఆఫీసరు ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాడు. తర్వాత బేకరీవాళ్ళ అక్క గురించి అడిగాడు. గువ్వ చెప్పింది. ఆ ఒక్కచోట మాట ఆపి, పక్క కుర్చీలోని కుందేలు చెవిని మెలిపెట్టింది. నర్సమ్మ వీపు నిమరలేదు, కన్నీళ్ళు తుడవలేదు. గ్లాసు ఆమె ముందుకు జరిపి, “నీళ్ళు తాగి చెప్పు. తొందరేం లేదు. వీళ్ళకి జీతం ఎలాగూ వస్తుంది,” అంది. గువ్వ తాగింది. మొత్తం చెప్పింది.

చెట్లు ఆకులు రాల్చే కాలంలో నిర్ణయం వచ్చింది. గువ్వను శరణార్థిగా గుర్తించారు. ఆమె మైనరు గనక, పద్దెనిమిది నిండేదాకా తల్లిదండ్రుల్ని ఆమె మీద ఆధారపడినవాళ్ళుగా ఉండనివ్వవచ్చు. ‘వచ్చు’ అన్న మాటను లాయరమ్మ రెండుసార్లు చదివి వినిపించింది. ఆ గదిలో గువ్వ, నర్సమ్మ, తల్లి ఉన్నారు.

“అమ్మ పేరు ఎలాగూ పెడుతున్నాం,” అంది లాయరమ్మ. “మీ నాన్నగారి పేరు పెట్టాలని తప్పనిసరేం కాదు. నీ మేలు ఏదో అదే చూడమంది చట్టం. ఆయన ఇంట్లో ఉంటే నీకు భయమా? ఉన్నదున్నట్టు చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు.”

గువ్వ చాలాసేపు ఆలోచించింది. తల్లి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. కూతురి మీద తన ముఖం ప్రభావం పడకూడదని కాబోలు.

“భయం లేదు,” అంది గువ్వ చివరికి. “అక్కడైతే మేజరు ఉన్నాడు కాబట్టి నాన్నంటే భయం. ఇక్కడ నాన్న ఒక్కడే కదా. ఒక్కడే అయితే నాన్న ఏం చెయ్యగలడు? ఉండనివ్వండి. మిషను రిపేరుకి తీసుకెళ్ళాలంటే మూడంతస్తులు మొయ్యడానికి మనిషి కావాలి. అమ్మకి నడుంనొప్పి.”

నర్సమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. అయినా నవ్వి ఊరుకోలేదు. నెలకోసారి ఇంటికి వచ్చి చూస్తాననీ, తేడా వస్తే ఆ పేరు తీయించే పూచీ తనదనీ రాయించింది.

ఆ మాట ప్రకారం ప్రెసిడెంటు బతికిపోయాడు. గుర్తింపు కార్డు చేతికొచ్చాక వీధి చివర టీ అంగడికి వెళ్ళి, అక్కడ కూర్చున్న తన దేశంవాళ్ళకు ప్రభుత్వం ఎట్టకేలకు తన పోరాటాన్ని గుర్తించిందని ప్రకటించాడు. అందరికీ టీ చెప్పాడు. కార్డు చూపించమన్నారు. చూపించాడు. తన ఫోటో బాగా పడింది గనక అదే చూస్తారనుకున్నాడు. చదువు వచ్చిన టాక్సీ డ్రైవరు ఒకడు ఫోటో కింది గీత చదివాడు. ‘మైనరు బాలిక మీద ఆధారపడిన వ్యక్తి’ అని ఉంది.

“ఎవరండీ ఆ బాలిక? మీ సంఘం కార్యదర్శా?” అన్నాడు డ్రైవరు.

టీ అంగడంతా గొల్లుమంది. ప్రెసిడెంటు కార్డు లాక్కుని నేరుగా ఆఫీసుకు వెళ్ళాడు. ‘ఆధారపడిన వ్యక్తి’ అన్నచోట ‘కుటుంబ పెద్ద’ అని మార్చమన్నాడు. కౌంటరులోని గుమాస్తా సగం తిన్న బిస్కట్టు పక్కన పెట్టి, స్క్రీను చూసి, “మార్పులు అడగాలంటే అసలు హోదా ఎవరిదో వాళ్ళు అడగాలండీ. ఆ అమ్మాయిని ఒప్పించి, ఆమె సంరక్షకురాలి సంతకం తీసుకురండి,” అన్నాడు.

ఇంటికొచ్చి భార్యతో, “దానికి చెప్పు,” అన్నాడు.

“పక్క గదిలోనే ఉంది. మీరే అడగండి.”

ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గువ్వ మంచం మీద పుస్తకాలు పరుచుకుని లెక్కలు చేసుకుంటోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒక చిన్న మార్పు ఉందన్నాడు. కాగితం మీద ఒక మాట మారుస్తే చాలన్నాడు.

“ఎందుకు నాన్నా?”

ఎందుకో చెప్పాడు. కుటుంబానికి ఒక ముఖం ఉండాలన్నాడు. రేపు నీ పెళ్ళి… అని అందుకుని, నాలుక కరుచుకుని, రేపు నీ చదువు అని మార్చుకున్నాడు. నలుగురిలో తండ్రికి ఉన్న గౌరవమే పిల్లలకు నీడ అన్నాడు. తాను ఎన్ని కష్టాలు పడి వాళ్ళను ఇక్కడికి తీసుకొచ్చాడో చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు కూడా వణికింది. ఆ వణుకును ఆయనే నమ్మాడు.

గువ్వ పెన్సిలు చేతిలో పట్టుకుని, అడ్డు చెప్పకుండా, మర్యాదగా చివరిదాకా విన్నది. ఆయన ఆగాక మళ్ళీ అడిగింది.

“ఎందుకు నాన్నా?”

ప్రెసిడెంటు చెప్పులు వేసుకుని బయటకు పోయాడు. టీ అంగడిలో అడిగినవాళ్ళకు, కార్డులో అచ్చుతప్పు పడిందనీ, పై అధికారులతో మాట్లాడుతున్నాననీ చెప్పాడు. ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నానంటాడు.